రోజూ ఆన్‌లైన్‌లో రాస్తుంటే మనం ఆలోచించే పద్ధతే మారిపోతుందా?

బ్రాడీపేట టీచర్ అడిగారు:

అందరికీ నమస్కారం అండి. నేను గుంటూరు పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. కొంతకాలంగా రాత్రి వంటిల్లు సర్దేశాక ఫోన్‌లో తెలుగులో ఏదో ఒకటి రాసి పెట్టడం అలవాటైంది, ఒకరోజు పిల్లలకి భిన్నాలు ఎందుకు ఎక్కట్లేదో రాస్తా, ఇంకోరోజు చింతపండు రేటు గురించి, ఇంకోరోజు మా నాన్నగారు మిర్చి బస్తాలేసుకుని మార్కెట్ యార్డుకి వెళ్ళి రాత్రంతా అక్కడే పడుకున్న రోజుల గురించి, ఇలా. కథలు రాసేంత సీన్ లేదు, ఆ ఉద్దేశమూ లేదు. నా డౌట్ వేరే.

ఇలా రాయడం మొదలెట్టాక నా బుర్ర పనిచేసే తీరే మారినట్టు అనిపిస్తోంది. క్లాసులో లెక్క చెప్తుంటే పిల్లాడు ఏ మెట్టు దగ్గర ఆగిపోతాడో ముందే తెలుస్తోంది. స్టాఫ్ రూములో పీఆర్సీ గురించో బదిలీల గురించో వాదన వస్తే అందరం ఒకేసారి మాట్లాడేవాళ్ళం, ఇప్పుడు నాకు ముందు కారణం, తర్వాత నా అభిప్రాయం వరసగా వచ్చేస్తున్నాయి, పక్క మేడమ్ కూడా అడిగింది ఏంటి ఈమధ్య ఇంత నిదానంగా మాట్లాడుతున్నావని. ఇదంతా బానే ఉంది. కానీ ఇంకోపక్క, బస్సులో కూర్చుంటే కిటికీలోంచి కనపడేదల్లా వాక్యం అయిపోతోంది. ఎవరైనా మనసు విప్పి ఏదన్నా చెప్తుంటే కూడా బుర్ర ఒక మూల దాన్ని రాసేసుకుంటోంది. పైగా పడుకునే ముందు రాసి పోస్ట్ చేస్తే ఎవరేం అన్నారో అని మనసు అక్కడే తిరుగుతుంది, నిద్ర పట్టదు.

రోజూ రాస్తే మెదడులో నిజంగా ఏమన్నా మారుతుందా, లేక ఇది ఉత్త అలవాటేనా? ఫోన్‌లో టైప్ చేస్తే, చేత్తో రాస్తే తేడా ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, పైపైన కాకుండా కాస్త వివరంగా.

కృష్ణలంక డెస్క్:

అమ్మా, నేను విజయవాడలో పత్రిక డెస్కులో చాలాకాలం పనిచేశాను. మెదడు లోపలి సంగతి డాక్టర్లు చెప్పాలి, నేను బయట కనపడేది చెప్తా. మీరు చెప్పిన మొదటి మార్పు నూటికి నూరుపాళ్ళు నిజం, దానికి కారణం కూడా ఉంది.

మనకి తెలుసు అనుకునేవాటిల్లో సగం నిజానికి తెలియవు, రాయడానికి కూర్చునే దాకా ఆ సంగతి బయటపడదు. మా ఊళ్ళో ఎవర్నయినా ఆపి ప్రకాశం బ్యారేజీ గురించి అడగండి, తెలియదనేవాడు ఒక్కడూ ఉండడు. సరే, పాత ఆనకట్టకీ ఇప్పటి బ్యారేజీకీ తేడా ఏంటో నాలుగు వాక్యాలు రాయమనండి. మొదటి వాక్యం వస్తుంది, పాతది 1855లో పూర్తయింది, 1952లో గండిపడింది, 1957కల్లా బ్యారేజీ వచ్చింది అని. రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగుతుంది. ఆనకట్ట అంటే నదికి అడ్డంగా కట్టిన గోడ, వరద వస్తే నీళ్ళు దాని నెత్తి మీంచి పొర్లిపోవాల్సిందే, మన చేతిలో ఏం ఉండదు. బ్యారేజీకి 70 గేట్లున్నాయి, ఎంత ఎత్తితే అంత వదులుతారు, మిగతా నీళ్ళని పట్టి ఉంచి అటు తూర్పు కాలవకీ ఇటు పశ్చిమ కాలవకీ మళ్ళిస్తారు. రోజూ దాని మీద బండేసుకుని వెళ్ళేవాడికి కూడా ఈ ముక్క రాసేటప్పుడే తడుతుంది, అప్పటిదాకా తెలుసు అనే ధీమాతోనే ఉంటాడు.

దీని మీద పరిశోధన కూడా ఉంది. అమెరికాలో యేల్ యూనివర్సిటీలో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు 2002లో అచ్చేశారు. జిప్ ఎలా పనిచేస్తుంది, ఫ్లష్ ట్యాంక్ ఎలా పనిచేస్తుంది అని అడిగి ముందు మీకెంత తెలుసో మార్కులు వేసుకోమన్నారు, తర్వాత అంచెలంచెలుగా వివరంగా రాయమన్నారు, రాశాక మళ్ళీ మార్కులు వేసుకోమంటే జనం తమ మార్కులు తామే తగ్గించుకున్నారు. రోజూ రాసేవాళ్ళకి ఈ తగ్గించుకోవడం ఒక అలవాటుగా స్థిరపడుతుంది. మీ పిల్లాడు ఏ మెట్టు దగ్గర ఆగుతాడో మీకు కనిపిస్తోందంటే, రాసేటప్పుడు మీరే ఆ మెట్టు దగ్గర ఒకసారి ఆగి ఉంటారు కాబట్టి.

అందుకే వార్త రాయడం రాని కుర్రాళ్ళకి మేం భాష నేర్పేవాళ్ళం కాదు, "ఎందుకు" అనే ప్రశ్నకి జవాబు తెచ్చావా అని అడిగేవాళ్ళం. జవాబు తెస్తే భాష దానంతటదే వచ్చేది.

కొత్తపేట సైకాలజీ:

మేడమ్ గారూ, నేను గుంటూరులో సైకాలజీ పీజీ చేసి ఇక్కడే కౌన్సెలింగ్ చేస్తున్నా, చాలా ఇష్టమైన టాపిక్ కాబట్టి పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ లెక్కల్లోంచే. 347ని 68తో నోటితో గుణించమంటే చాలామందికి కష్టం, కాయితం ఇస్తే ఐదో క్లాసు పిల్లాడు కూడా చేసేస్తాడు. తెలివి అదే, బుర్ర అదే, తేడా ఏంటంటే మధ్యలో వచ్చే అంకెల్ని పట్టుకోవాల్సిన బరువు కాయితం తీసుకుంది. మనం ఒక క్షణంలో మనసులో పట్టుకుని ఆడించగలిగే విషయాలు చాలా తక్కువ, దీన్నే వర్కింగ్ మెమరీ అంటారు. జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు 1956లో ఏడుకి రెండు అటూ ఇటూ అన్నాడు, 2001లో నెల్సన్ కోవన్ ఇంకా తగ్గించి దాదాపు నాలుగే అన్నాడు. ఒక వాదనలో కారణం, ఉదాహరణ, ఎదుటివాళ్ళ అభ్యంతరం, దానికి మన జవాబు, ఇక్కడికే నాలుగూ నిండిపోయాయి, ఐదోది వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. రాస్తే ఏదీ జారిపోదు, కళ్ళ ముందే ఉంటుంది. అందుకే రాసేటప్పుడు మనం మామూలుగా ఆలోచించే దానికంటే పొడుగ్గా ఆలోచించగలుగుతాం. దీనివల్ల వర్కింగ్ మెమరీ పెద్దదైపోతుందని మాత్రం ఎవరైనా చెప్తే నమ్మొద్దు. మారేది ఏంటంటే, రాసి రాసి ఒక విషయం ముక్కలన్నీ కలిసి ఒకే ముద్ద అయిపోతాయి, అప్పుడు నాలుగు ముక్కలు పట్టే చోట నాలుగు ముద్దలు పడతాయి. స్టాఫ్ రూములో మీకు వరసగా మాటలొస్తున్నది ఇందుకే, ఆ విషయం మీద మీరు ముందే ఒకసారి రాసి ఉంటారు, గుర్తు తెచ్చుకుని చూడండి. ఎప్పుడూ రాయని విషయం మీద వాదన వస్తే పాత మేడమే బయటికొస్తారు.

ఇక మెదడులో మారుతుందా అంటే, జర్మనీలో గ్రైఫ్స్‌వాల్డ్‌లో మార్టిన్ లోట్సే అనే ఆయన బృందం స్కానర్‌లో మనుషుల్ని పడుకోబెట్టి, తల కదపకుండానే రాయడానికి చేతికి అందేలా ఒక బల్ల అమర్చి, కథ కొనసాగింపు రాయించారు. రాయడం బాగా సాధన చేసినవాళ్ళలో కాడేట్ న్యూక్లియస్ అనే భాగం బాగా పనిచేసింది, కొత్తవాళ్ళలో అది అంతగా కనపడలేదు. మెదడు లోపల ఉండే ఆ భాగం సాధనతో వచ్చే నైపుణ్యాలకి సంబంధించినది, సంగీతం, ఆటలు లాంటివి ఏళ్ళ తరబడి చేసినవాళ్ళలో కూడా దాని పేరు వినపడుతుంది. అంటే మీరు బస్సులో కూర్చుంటే వాక్యాలు వాటంతటవే వచ్చేస్తున్నాయన్నారే, అది జబ్బు కాదు, సాధన కుదిరినప్పుడు పని దానంతటది జరగడం మొదలవుతుంది. అయితే ఇవి చిన్న గుంపుల మీద చేసిన స్కాన్‌లు, వీటిని చూపించి రాస్తే తెలివి పెరుగుతుంది అని అమ్మేవాళ్ళ కోర్సులు మాత్రం కొనకండి.

చాలామంది నన్‌ల స్టడీ గురించి కూడా చెప్తుంటారు. అమెరికాలో డేవిడ్ స్నోడన్ 1996లో 93 మంది క్రైస్తవ సన్యాసినులు ఇరవై రెండేళ్ళ వయసు ప్రాంతంలో చేత్తో రాసిన స్వీయచరిత్రలు తీసి చూశాడు, వాక్యాల్లో భావాలు చిక్కగా ఉన్నవాళ్ళకి ముసలితనంలో మతిమరుపు జబ్బు తక్కువగా కనపడింది. దీన్ని "రాస్తే అల్జీమర్స్ రాదు" అని ఫార్వర్డ్ చేసేస్తారు. అది తప్పు. చిక్కగా రాయడం వల్ల మెదడు బాగుందా, మెదడు బాగుండబట్టి చిక్కగా రాశారా అన్నది ఆ స్టడీ చెప్పదు.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది జేమ్స్ పెన్‌బేకర్ అనే అమెరికా సైకాలజిస్టు పని. 1986లో ఆయనా సాండ్రా బీల్ అనే ఆవిడా కాలేజీ పిల్లల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని బాధపెట్టిన సంఘటన గురించి రాయించారు. రాసిన కాసేపు వాళ్ళకి ఇంకా దిగులుగానే ఉంది, కానీ తర్వాతి నెలల్లో ఏం జరిగిందో ఎలా అనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్ళు కాలేజీ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. తర్వాత ఇలాంటివి చాలా చేశారు, ఫలితం చిన్నదే అని తేలింది, అందరికీ ఒకేలా లేదు కూడా. కానీ ఎవరికి మేలు జరిగిందో వాళ్ళ రాతల్లో ఒక మార్పు కనపడింది: రోజులు గడిచే కొద్దీ "ఎందుకంటే", "ఇప్పుడర్థమైంది" లాంటి మాటలు పెరిగాయి. మొదటి రోజు ఎంత బాధో అంత బాధని అవే మాటల్లో నాలుగో రోజు కూడా రాసినవాళ్ళకి పెద్దగా ఏం జరగలేదు. నా దగ్గరికొచ్చే వాళ్ళకి కూడా నేను ఇదే చెప్తాను, నోట్స్‌లో "నాకే ఎందుకిలా" అని పేజీలు నింపకండి, ఒక్క వాక్యమైనా "ఇలా జరగడానికి కారణం" అని మొదలెట్టండి అని. ఇంకో సంగతి, వాళ్ళు రాసింది లోకం చదవడానికి కాదు, లైకులూ లేవు కామెంట్లూ లేవు. ఆన్‌లైన్ రాతకీ దానికీ అసలైన తేడా ఇక్కడే ఉంది, దాని గురించి భోజనం చేసొచ్చి రాస్తా.

బందర్ రోడ్ గ్రూప్స్:

అక్కా నేను విజయవాడలో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, చేత్తో రాయడం vs టైపింగ్ గురించి నాకు తెలిసింది చెప్తా. మెయిన్స్ అంటే చేత్తో రాయాలి కదా, అందుకని ఈ గొడవ మా రూములో రోజూ ఉంటది. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అని ఇద్దరు చేసింది బాగా ఫేమస్, లాప్‌టాప్‌లో నోట్స్ రాసుకున్నవాళ్ళు లెక్చరర్ చెప్పింది చెప్పినట్టు టైప్ చేసుకుపోయారు, చేత్తో రాసినవాళ్ళకి అంత స్పీడ్ ఉండదు కాబట్టి విని, ఏది ముఖ్యమో ఏరుకుని, సొంత మాటల్లో రాసుకోవాల్సి వచ్చింది, అందుకే అర్థం చేసుకుని రాయాల్సిన ప్రశ్నల్లో వీళ్ళు బాగా చేశారు అని. 2024లో నార్వేలో 36 మంది స్టూడెంట్స్ తలకి 256 సెన్సర్లు పెట్టి చూశారు, డిజిటల్ పెన్నుతో చేత్తో రాస్తే మెదడులో భాగాల మధ్య కనెక్షన్ చాలా ఎక్కువ కనపడింది, కీబోర్డు మీద ఒక వేలితో టైప్ చేస్తే అంత లేదు.

మన తెలుగు టైపింగ్ ఇంకా విచిత్రం, ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం కింద తెలుగు పదం వస్తే నొక్కుతాం, అసలు "క్ష" రాయడమే మర్చిపోయిన ఫ్రెండ్స్ ఉన్నారు నాకు, చదవడం బానే వస్తది. నేనైతే పాయింట్లు కాయితం మీద, తర్వాత ఫోన్‌లో.

కొత్తపేట సైకాలజీ:

తమ్ముడు చెప్పిన 2014 స్టడీ గురించి ఒక మాట. దాన్ని తర్వాత వేరేవాళ్ళు 2019లో, 2021లో మళ్ళీ చేసి చూశారు, చెప్పింది చెప్పినట్టు టైప్ చేయడం అనేది మళ్ళీ కనపడింది గానీ పరీక్షలో చేత్తో రాసినవాళ్ళకి స్పష్టమైన పైచేయి కనపడలేదు. నార్వే స్టడీలో రాయించింది కూడా ఒక్కొక్క పదమే, వ్యాసం కాదు. చిన్నపిల్లలు అక్షరాలు నేర్చుకునేటప్పుడు మాత్రం చెయ్యి ముఖ్యం, ఇండియానా యూనివర్సిటీలో కెరిన్ జేమ్స్ ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లల మీద 2012లో చూపించింది, తామే గీసి నేర్చుకున్న అక్షరం చూసినప్పుడు చదవడానికి వాడే మెదడు భాగాలు పనిచేశాయి, కీబోర్డు మీద నొక్కి నేర్చుకున్నదానికి అలా పనిచేయలేదు. కాబట్టి ఇంట్లో పలక పట్టే వయసు పిల్లలుంటే పలకే ఇవ్వండి. మేడమ్ లాంటి పెద్దవాళ్ళకి, సొంత ఆలోచన రాయడానికి, ఫోన్ అయినా పర్లేదు, మెయిన్స్ రాసేవాళ్ళు ఎలాగూ చేత్తోనే ప్రాక్టీస్ చేయాలి.

ఇప్పుడు లైకుల సంగతి. 2016లో కాలిఫోర్నియాలో లారెన్ షెర్మన్ బృందం 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలు 32 మందికి స్కానర్‌లో ఫొటోలు చూపించింది, తమ ఫొటోకి ఎక్కువ లైకులు వచ్చాయని చూసినప్పుడు మెదడులో బహుమతి దొరికితే స్పందించే భాగం గట్టిగా పనిచేసింది. 2021లో యేల్ వాళ్ళు ట్విట్టర్‌లో 7,331 మంది రాసిన 1 కోటి 27 లక్షల ట్వీట్లు చూశారు, కోపంగా తిట్టి రాసినదానికి లైకులు, షేర్లు ఎక్కువ వచ్చినవాళ్ళు ఆ తర్వాత ఇంకా ఎక్కువ కోపంగా రాయడం మొదలెట్టారు. నాకు భయం వేసేది ఈ రెండోది. కారణం రాసిన పోస్టుకి పది లైకులు, తిట్టి రాసిన పోస్టుకి మూడొందలు వస్తే, మనకి తెలియకుండానే రేపు ఏం రాయాలో ఆ మూడొందలు చెప్తాయి. రాయడం నేర్పిన మంచి అంతా ఆ దారిలోనే పోతుంది. రోజూ రాసేవాళ్ళని నేను అందుకే అడుగుతాను, పోయిన వారం రాసినవాటిల్లో లైకులు రాకపోయినా మీకు నచ్చింది ఏది అని. వెంటనే చెప్పగలిగితే ఫర్లేదు.

నిద్రకి: 2018లో బేలర్ యూనివర్సిటీ వాళ్ళు 57 మంది చేత పడుకునే ముందు ఐదు నిమిషాలు రాయించారు. రేపు చేయాల్సిన పనులు రాసినవాళ్ళు, ఆరోజు చేసేసిన పనులు రాసినవాళ్ళ కంటే దాదాపు 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. అంటే రాత్రి రాయడం వల్ల మీ నిద్ర పోవట్లేదు మేడమ్, రాత్రి పోస్ట్ చేయడం వల్ల పోతోంది. రాత్రి రాయండి, పొద్దున్న స్కూలుకి వెళ్ళే ముందు ఒకసారి చదివి అప్పుడు పెట్టండి. పొద్దున్న చదివితే కొన్ని వాక్యాలు మీరే తీసేస్తారు, అది ఇంకా మంచిది.

బ్రాడీపేట టీచర్:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి రాసింది పోస్ట్ చేయకుండా ఫోన్ హాల్లో పెట్టి పడుకున్నా, కాస్త తేలిగ్గానే ఉంది. ఆ "ఎందుకంటే" సంగతి చదివి నా పాత పోస్టులు తీసి చూసుకున్నా, మొదట్లో అన్నీ "ఎంత ఘోరమో", "ఏం చెప్పాలి" ఇలాంటివే, ఈమధ్యవి వేరుగా ఉన్నాయి.

మనిషి ఎదురుగా మాట్లాడుతుంటే వాక్యం తయారవడం ఒక్కటే ఇంకా గుచ్చుకుంటోంది. ఇంకోటి, మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, వాడు రాయాల్సినవన్నీ చాట్‌జీపీటీ చేత రాయించేస్తున్నాడు, నువ్వు రాస్తే బుర్ర పెరుగుతుందన్నారుగా, నాకు చదివితే చాలు అంటున్నాడు. వాడికి ఏం చెప్పను?

కృష్ణలంక డెస్క్:

మొదటిదానికి నేను చెప్తానమ్మా. మా వృత్తిలో అందరికీ ఉండేదే అది. ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళి ఏడుస్తున్న మనిషి ముందు నిలబడితే బుర్రలో మొదటి వాక్యం వచ్చేస్తుంది, రాకుండా ఆపలేం. నేను చేసింది ఒకటే, ఆ మనిషిని ఇంకో ప్రశ్న అడగడం. ప్రశ్న అడిగితే జవాబు వినాలి, వింటే వాక్యం దానంతటది పక్కకి పోతుంది, ఎందుకంటే జవాబు ఎప్పుడూ మనం కట్టిన వాక్యంలో పట్టదు. ఇంట్లోవాళ్ళతో కూడా అంతే చేయండి. ఇంకా, ఇంటి మనుషులు నమ్మి చెప్పినవి ఎంత బాగా వచ్చినా పోస్ట్ చేయనని ఒక్కసారి గట్టిగా అనేసుకుంటే, బుర్ర వాటిని రాయడానికి అంత తొందరపడదు. నా అనుభవం ఇది.

కొత్తపేట సైకాలజీ:

అబ్బాయి సంగతికి. 2025లో అమెరికాలో ఎమ్ఐటీ వాళ్ళు 54 మంది చేత వ్యాసాలు రాయించారు, కొందరు చాట్‌జీపీటీతో, కొందరు గూగుల్ సెర్చ్‌తో, కొందరు ఏదీ లేకుండా, రాసేటప్పుడు తలకి సెన్సర్లు పెట్టి చూశారు. చాట్‌జీపీటీతో రాసినవాళ్ళలో మెదడు భాగాల మధ్య కనెక్షన్ అన్నిటికంటే బలహీనంగా ఉంది, అప్పుడే రాసిన తమ వ్యాసంలోంచి ఒక్క వాక్యం చెప్పమంటే మొదటిసారి వాళ్ళలో చాలామంది సరిగ్గా చెప్పలేకపోయారు. చిన్న స్టడీ, బయటికొచ్చినప్పుడు వేరే శాస్త్రవేత్తలు ఇంకా సరిచూడలేదు కూడా, మెదడు పాడైపోతుందని దాని అర్థం కాదు. కానీ ఆ వాక్యం చెప్పలేకపోవడం మాత్రం మీవాడికి ఇంట్లోనే చూపించొచ్చు. వాడు రాయించిన పేజీ పక్కన పెట్టి, చూడకుండా అందులో ఉన్న కారణాలు చెప్పమనండి. తర్వాత వాడే సొంతంగా రాసిన అర పేజీతో అదే చేయించండి. సొంతంగా తయారు చేసుకున్నది చదివినదానికంటే బాగా గుర్తుంటుందని 1978లోనే స్లమెకా, గ్రాఫ్ అనేవాళ్ళు పదాలతో చేసి చూపించారు, ఈఏపీసెట్‌కైనా నీట్‌కైనా చదివేవాడికి ఇది పనికొచ్చే మాటే.

అలాగని చాట్‌జీపీటీ మాన్పించక్కర్లేదు. అదే ఎమ్ఐటీ స్టడీలో చివర్లో 18 మందిని అటూ ఇటూ మార్చారు, ముందు సొంతంగా రాసి తర్వాత దాన్ని వాడినవాళ్ళకి తాము రాసింది బాగానే గుర్తుంది, మెదడు కూడా చురుగ్గానే ఉంది. కాబట్టి ముందు వాడి అర పేజీ, తర్వాత దాన్ని చూపించి ఇందులో ఏం తప్పిపోయిందని అడగడం, ఈ వరస మారకుండా చూడండి చాలు.

బందర్ రోడ్ గ్రూప్స్:

ఇదేదో మా రూములో కూడా ట్రై చేస్తాం అన్నా. అక్కా, మీ అబ్బాయికి ఫస్ట్ అర పేజీ టాపిక్ వాడికి నచ్చింది ఇవ్వండి, క్రికెట్ అయినా సరే, సన్‌రైజర్స్ ఎందుకు ఓడిపోయిందో కారణాలతో రాయమంటే మా తమ్ముడు పేజీ దాటించాడు.